చల్లని వెలుగు: ఒలెగ్ లోసెవ్ జీవితము

ఆటల మందిరములలో వరుసగా నిలిచియుండు యంత్రములను చూడనివారు నేటి పట్టణములలో అరుదు. రుసుము చెల్లించగానే తెర మేలుకొనును. చేతిక్రింది బొత్తాములు ఎఱుపు, పసుపు, నీలి కాంతులతో ఆటగానిని పిలుచును. ఆ బొత్తాముల కడుపులో చాలకాలము వెలిగినవి చిటికెన వ్రేలి కొనయంత గాజుబల్బులు. వానిలోని టంగ్‌స్టన్ తీగ రెండువేల డిగ్రీలకు పైగా కాగినగాని చక్కగా వెలుగదు. పుచ్చుకొనిన విద్యుత్తులో నూటికి 90 పాళ్ళకు మించి వేడిమిగానే వెదజల్లును. ఆటగాండ్రు గంటల తరబడి గుద్దిన గుద్దులకు ఆ తీగ తెగును. వేడికి ప్లాస్టిక్ మూత రంగు మారి పెళుసుబారును. అందుచేత యంత్రములను బాగుచేయువారు బొత్తాము క్రింది పట్టును త్రిప్పి ఊడదీసి, పాత బల్బును లాగివేసి, ఆ తావుననే ఎల్.ఇ.డి. దీపమును గ్రుచ్చుట పరిపాటి అయినది. దీనిలో తెగుటకు తీగ లేదు. మూతను మాడ్చునంతటి వేడిమి లేదు.

ఈ వెలుగు నిప్పునుండి పుట్టినది కాదని నిరూపించి, దానిచేత లోకమునకు పని చేయించవచ్చునని తలంచిన మొదటివాడు ఒక పరిశోధనాలయములో బంట్రోతుగా చేరిన కుఱ్ఱవాడు. అతని పేరు ఒలెగ్ వ్లదీమిరొవిచ్ లోసెవ్. విశ్వవిద్యాలయ పట్టము లేని ఈ రష్యనుని పేరు అర్ధవాహకముల చరిత్ర వ్రాయువారందఱు నేడు గౌరవముతో తలంతురు. అతడు బ్రతికియున్న దినములలో ఆ గౌరవము కొద్దికాలమే దక్కెను.

లోసెవ్ 1903వ సంవత్సరము మే 10వ తేదీన వోల్గా తీరమునందలి ట్వేర్ నగరమున జన్మించెను. తండ్రి జారు చక్రవర్తి సైన్యములో కాప్టెనుగా పనిచేసి విరమించి, ఆ ఊరి రైలుపెట్టెల కర్మాగారములో గుమాస్తాగా నుండెను. వంశము కులీనమే, కలిమి మాత్రము లేదు. 1917 విప్లవము పిదప ఆ కులీనత పేరునకైనను పనికిరాక, ఇంకను చేటుగానే పరిణమించినది.

అయినను ట్వేర్ నగరమున పుట్టుట అతని అదృష్టమనియే చెప్పవలెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున మిత్రరాజ్యములతో తంతి లేకుండ వార్తలు జరుపుటకై 1914లో అచట ఒక రేడియో కేంద్రము నెలకొల్పిరి. అందు పనిచేసినవారిలో మిహయీల్ బోంచ్-బ్రుయేవిచ్ అను ఇంజనీరు ఒకడు. విదేశములనుండి వచ్చు వాల్వులు ఖరీదైనవి, త్వరగా మాడిపోవునవి అని, ఆయన స్వయముగా వాల్వులు చేయుటకు పూనుకొనెను. వ్లదీమిర్ లెబెదిన్‌స్కీ అను భౌతికశాస్త్రాచార్యుడును అచటికి వచ్చుచుండెను. బడిలో చదువుచున్న లోసెవ్, ఆ కేంద్రాధికారి రేడియోనుగూర్చి చేసిన ఒక బహిరంగోపన్యాసమును వినెను. ఆ దినముతో ఆ బాలుని మనసు మఱియొక విద్యకు పోలేదు. సెలవు దినములలో కేంద్రము చుట్టును తిరిగెను. ఇంటిలో తన చిన్న ప్రయోగశాలను తాను కూర్చుకొనెను.

1918లో కొత్త ప్రభుత్వము నీజ్నీ నోవ్‌గొరొద్ నగరమున రేడియో పరిశోధనాలయమును స్థాపించి, ట్వేర్ నిపుణులను అచటికి తరలించెను. 1920లో పాఠశాల చదువు ముగించిన లోసెవ్ మాస్కో పోయి పైచదువునకు యత్నించెను. కాని అంతర్యుద్ధపు కఱవు కాలమది. ఆదరించువారు లేని ఊరిలో విద్యార్థికి కూడు గుడ్డ సమకూడు త్రోవ లేదు. అతడు నీజ్నీ నోవ్‌గొరొద్ చేరి, తన్నెఱిగిన పెద్దలను ఆశ్రయించెను. ఖాళీగానున్నది బంట్రోతు పని యొక్కటియే. పదునేడేండ్ల లోసెవ్ దానినే స్వీకరించెను. పండుకొనుటకు గది లేక, ఆ భవనపు అటక ముంగిట, మెట్లు ముగియు చోట, పడక వేసికొనెను. పగలు కాగితములు మోసి, రాత్రులు పరికరముల ముందు కూర్చుండుట ఆ యువకుని నిత్యకృత్యమయ్యెను. త్వరలోనే లెబెదిన్‌స్కీ అతనిని తన శిష్యునిగా గ్రహించి ప్రయోగశాలలోనికి తీసికొనెను. గురువు శిష్యుని వెదకికొనుట అరుదైన సంగతి. లెబెదిన్‌స్కీ ఇంకేమియు చేయకున్నను ఈ యొక్క పనికి స్మరణీయుడు.

ఆ కాలపు రేడియోలలో రెండు తెగలుండెను. వాల్వులతో పనిచేయునవి గట్టిగా పలుకును. కాని వాని తీగలను కాచుటకు బరువైన బ్యాటరీలు కావలెను. రెండవ తెగవి స్ఫటికపు రేడియోలు. సీసపు ఖనిజమువంటి స్ఫటికముపై సన్నని లోహపు సూదిని మోపి, తగిన బిందువు దొరకువఱకు తడవి చూచిన చాలును, బ్యాటరీయే అక్కఱలేదు. ఇట్టి స్ఫటికగ్రాహకమునకు మన జగదీశచంద్ర బోసు 1904లోనే అమెరికాలో పేటెంటు పొందియుండెను. వీని లోపమేమనగా, ఇవి విన్నదానిని వినిపించగలవే కాని బలపఱచలేవు. స్ఫటికము జడమైనది, అది విద్యుత్తునకు త్రోవ ఇచ్చునే కాని బలమీయదు అని పండితులందఱు నమ్ముచుండిరి.

1922 జనవరి 13వ తేదీన ఆ నమ్మకము చెదరినది. పందొమ్మిదవ ఏట కూడ అడుగిడి ఒక యేడు నిండని లోసెవ్, జింకైటు అను యశద ఖనిజపు స్ఫటికముపై సూది మోపి, కొద్దిపాటి విద్యుత్తును ప్రయోగించి చూచుచుండగా, ఆ స్ఫటికము తనంతట తానే డోలనములను పుట్టించుట గమనించెను. సాధారణముగ వోల్టేజి పెరిగినకొలది ప్రవాహము పెరుగును. జింకైటునందలి కొన్ని బిందువులలో, కొంతమేర, వోల్టేజి పెరిగినకొలది ప్రవాహము తగ్గినది. ఊగుచున్న ఉయ్యాల గాలి తాకిడికి, త్రాళ్ళ రాపిడికి క్రమముగా నిలిచిపోవును. ప్రతి ఊపునకు ఒక మెల్లని తోపు దొరికినచో నిలువదు. జింకైటు ఆ తోపు నిచ్చినది. వలయములో నష్టమగు శక్తిని అది పూరించుటచే, వాల్వు లేకుండనే వార్తలను బలపఱచు రేడియో సాధ్యమయ్యెను. ప్రసారమునకు సైతము అది అక్కఱకు వచ్చెను. బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది 1947లో. ఘనపదార్థముచేత విద్యుత్ సంకేతమును బలపఱపించుట అంతకు పాతికేండ్ల ముందే ఈ యువకునిచేత జరిగినది.

ఈ వార్త రష్యా సరిహద్దులు దాటినది. ఫ్రెంచివారు దానికి క్రిస్టడైన్ అని పేరు పెట్టిరి. 1924లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో నడపుచున్న రేడియో న్యూస్ పత్రిక దీనిని సంచలనము కలిగించు కల్పనగా కొనియాడి, నిర్మాణవిధానమును పాఠకులకు విశదీకరించెను. ఊరూర ఔత్సాహికులు సూదులు, స్ఫటికములు ముందిడుకొని కూర్చుండిరి. ఇరువది యొకటవ ఏట లోసెవ్‌కు కలిగిన కీర్తి అది. అది నిలువలేదు. మంచి జింకైటు లోకమున ముఖ్యముగా అమెరికాలోని న్యూజెర్సీ గనులలోనే లభించును. దొరికినను, పనిచేయు బిందువును సూదితో వెదకవలెను. చిన్న కుదుపునకు అది తప్పిపోవును. ఇంతలో వాల్వులు చవుకయై మెఱుగుపడినవి. కొన్నేండ్లలోనే క్రిస్టడైన్ మఱుగునపడినది.

కాని అదే సూది, అదే తడవులాట లోసెవ్‌కు మఱియొక వింతను చూపినది. 1923 నాటికే అతడు కార్బొరండమను స్ఫటికమును పరీక్షించుచు, సూది మోపిన చోట సన్నని వెలుగు పుట్టుట కనుగొనెను. కార్బొరండము సిలికన్, కార్బనుల సంయోగము. 1891లో అమెరికా దేశస్థుడగు అచెసన్ దీనిని కొలిమిలో సృష్టించి, సానబట్టుటకు అమ్ముకొనెను; మన కమ్మరి కొట్లలోని సానచక్రములలోను అది చేరినది. ఆయన దానిని కార్బనుతో కూడిన కొరండమని భ్రమించి ఆ పేరు పెట్టెను. కొరండమను మాట మన దక్షిణదేశపు కురుందమునుండి ఐరోపాకు పోయినది. సంస్కృతమున అది కురువిందమైనది, మన కావ్యములలో కెంపునకు పర్యాయముగ కూర్చున్నది. కొలిమినుండి వచ్చిన ఈ నకిలీ కురువిందము కూడ తుదకు రత్నమువలెనే వెలుగుట వాగర్థముల చమత్కారము.

ఈ వెలుగును మొట్టమొదట చూచినవాడు లోసెవ్ కాడు. మార్కొని సంస్థలోని ఇంగ్లీషు ఇంజనీరు హెన్రీ రౌండ్ 1907లో, కార్బొరండమునకు 10 వోల్టులు తగిలించిన పసుపు వెలుగు కనబడినదని, ఎలెక్ట్రికల్ వరల్డ్ పత్రికలో కొన్ని పంక్తులు వ్రాసి ఊరకుండెను. ఆ వ్రాత లోసెవ్ కంటబడినట్లు లేదు. చూచుట వేఱు, పట్టుకొనుట వేఱు. రౌండ్ చూచి సాగిపోయెను. లోసెవ్ చూచి, పదునెనిమిదేండ్లు, అనగా చచ్చువఱకు, దానిని విడువలేదు.

అతడు వేసికొనిన మొదటి ప్రశ్న సామాన్యమైనది; అందుచేతనే గొప్పది. వెలుగునది కాగినందున వెలుగుచున్నదా, లేక మఱియొక కారణమున్నదా? ఆ నాటివారికి విద్యుద్దీపమనగా కాగిన తీగ. ఇంకొక రకము మెఱుపువంటి ఆర్కుదీపము. ఇంత చిన్న బిందువున ఉష్ణమానినిని మోపి కొలుచుటకు వీలులేదు. లోసెవ్ ఖరీదైన పరికరమును కోరలేదు. వెలుగుచున్న స్ఫటికముపై ఒక బెంజీను చుక్కను వేసెను. బెంజీను చప్పున ఆవిరియగు ద్రవము. క్రింద వేడియున్నచో క్షణములో ఎగిరిపోవలెను. ఆ చుక్క ఎగిరిపోలేదు. వెలుగు లేని స్ఫటికముపై ఎంతసేపు నిలుచునో, ఇంచుమించు అంతసేపే నిలిచి మెల్లగా ఆరినది. ఆ వెలుగు చల్లనిదని తేలిపోయెను. ఈ ప్రయోగమునకు పట్టిన వ్యయము ఒక చుక్క నూనె. భౌతికశాస్త్ర చరిత్రలో దీనికన్న చవుకయైన నిరూపణము అరుదు. నేడు ఆటయంత్రపు బొత్తాములో గంటలకొలది వెలుగు దీపము ప్లాస్టిక్ మూతను మాడ్చకుండుటకు గల మూలకారణము ఆ చుక్కలోనే కనబడినది. 12 వోల్టుల పాత బల్బు వాట్లకొలది శక్తిని మ్రింగుచుండగా, ఒక చిన్న ఎల్.ఇ.డి.కి 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము సరిపోవుచున్నది. ఇరువది బొత్తాములున్న యంత్రములో ఈ భేదమునకు విద్యుత్ బిల్లే సాక్షి.

1927లో రష్యన్ పత్రికలోను, 1928లో లండన్‌నుండి వెలువడు ఫిలసాఫికల్ మాగజైనులోను లోసెవ్ ఈ పరిశీలనలను ప్రకటించెను. వెలుగు ఎంత త్వరగా వెలిగి ఆరగలదో అతడు పరీక్షించెను. తీగదీపము కాగుటకు, చల్లారుటకు వ్యవధి కావలెను. దీనికి అట్టి జాగు లేదు. ఈ గుణమును చూడగానే వార్తలు పంపుటకు, చిత్రములను ప్రసారము చేయుటకు ఇది తగునని గ్రహించి, వెలుగు రిలే అను పేర హక్కుపత్రమునకు 1927లో దరఖాస్తు చేసెను. 1929లో అది మంజూరయ్యెను. నేడు గాజునారలలో వెలుగు స్పందములై పరుగెత్తు వార్తలకు ఆ కాగితము తొలి సూచన.

వెలుగు పుట్టుటకు హేతువేమని అతడు ఆలోచించెను. వెలుగు తాకిన లోహమునుండి ఎలెక్ట్రానులు వెలువడుటను ఐన్‌స్టైను 1905లో వివరించియుండెను. తాను చూచినది దానికి విలోమమై యుండవలెను, ఇచట ఎలెక్ట్రాను తన శక్తిని విడిచి వెలుగును పుట్టించుచున్నది, అని లోసెవ్ ఊహించెను. ఊహ సరియైనదే. సాయము కోరి ఐన్‌స్టైనునకు జాబు వ్రాసెననియు, బదులు రాలేదనియు చెప్పుదురు. ఘనపదార్థములలో ఎలెక్ట్రానుల నడవడిని వివరించు విల్సన్ సిద్ధాంతము వెలువడినది 1931లో. రెండు తెగల అర్ధవాహకములు కలియు సంధియందలి రహస్యము విశదమైనది 1940ల దశకములో. వ్యాకరణము పుట్టకముందే కావ్యమునకు అర్థము చెప్పబూనినవాని స్థితి లోసెవ్‌ది.

1928లో నీజ్నీ నోవ్‌గొరొద్ పరిశోధనాలయమును లెనిన్‌గ్రాడునకు తరలించిరి. లోసెవ్ ఆ నగరమునందలి కేంద్ర రేడియో పరిశోధనాలయమున చేరెను. ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు అబ్రాం యోఫే అతని ప్రతిభను గుర్తించి తన సంస్థలో పరిశోధన చేసికొనుటకు ఆహ్వానించెను. అచట లోసెవ్ స్ఫటికమును ఏటవాలుగా సానబట్టి, పొరపొరకు సూది మోపి చూచి, ఉపరితలమున 10 మైక్రానుల మందముగల పొర యొక్కటి మిగిలిన భాగముకంటె భిన్నమనియు, వెలుగు పుట్టుట దానిపై ఆధారపడియున్నదనియు కనుగొనెను. నేటి శాస్త్రజ్ఞులు సంధి యనుచున్న దానిని అతడు పేరు తెలియకనే చేతితో తడవి చూచినాడు.

పట్టము లేమి మాత్రము అతనిని వెన్నాడుచునే యుండెను. వ్యాసములు నలువదికి పైబడినను, హక్కుపత్రములు 16 లభించినను, స్థిరమైన పదవి దొరకలేదు. 1937లో లెనిన్‌గ్రాడ్ మొదటి వైద్యవిద్యాలయములో విద్యార్థులకు భౌతికశాస్త్రము బోధించు ఉద్యోగమున కుదురుకొనెను. 1938లో యోఫే సంస్థ, సిద్ధాంతవ్యాసమును సమర్పింపనక్కఱలేదని, వెనుకటి కృషినే ప్రమాణముగ గొని కాండిడేట్ పట్టము నిచ్చెను. అప్పటికి అతనికి ముప్పది యైదేండ్లు. చేయి చాచి అడుగు స్వభావము అతనిది కాదు. అడిగియున్నచో ఇంత ఆలస్యమయ్యెడిది కాదని తలంచుటకు ఆధారమును లేదు.

1941 సెప్టెంబరు 8వ తేదీన జర్మనుసేనలు లెనిన్‌గ్రాడును దిగ్బంధించినవి. యోఫే సంస్థ కజాన్‌కు తరలినది. నగరమును విడువుమని యోఫే హితవు చెప్పినను లోసెవ్ వినలేదని తెలిసినవారి మాట. వైద్యవిద్యాలయములో పని యుండెను. అగ్నిప్రమాదములను తెలుపు పరికరమును, గాయములలో దాగిన లోహపు తునుకలను కనుగొను పరికరమును నిర్మించుటకు పూనుకొనెను. క్షతగాత్రుల కొఱకు పలుమారులు రక్తదానము చేసెను. ఆ హేమంతముననే వ్రాసిన వ్యాసమొకటి ముట్టడి దాటి అచ్చుకూటమునకు చేరలేదు. నవంబరు 20వ తేదీనుండి కూలివానికి దినమునకు 250 గ్రాములు, ఇతరులకు 125 గ్రాములు రొట్టె. ఆ రొట్టెలోను పిండి యొక్కటియే కాదు. రక్తమిచ్చిన దేహమునకు ఆ తునుక ఏమూలకు? 1942 జనవరి 22వ తేదీన, తాను పనిచేసిన విద్యాలయపు ఆసుపత్రిలో, ఆకలిచే కృశించి లోసెవ్ మరణించెను. ముప్పదితొమ్మిదేండ్లు నిండలేదు. ఆ చలికాలమున వేలకొలదిగ పోయినవారిలో ఒకడైనందున, సమాధి ఇది యని చూపుటకు గుర్తు మిగులలేదు.

తరువాతి కథ ఇతరులది. 1962 అక్టోబరులో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో నిక్ హోలొన్యాక్ ఎఱ్ఱని ఎల్.ఇ.డి.ని వెలిగించెను. నీలివర్ణము మాత్రము చిరకాలము లొంగలేదు. 1989లో క్రీ సంస్థ అమ్మకమునకు పెట్టిన నీలి దీపము లోసెవ్ వాడిన సిలికన్ కార్బైడుతోనే చేసినది. అది మిణుగురు పాటి వెలుగే. ఆ పదార్థమునకు వెలుగు పుట్టించు సత్తువ స్వభావసిద్ధముగనే స్వల్పము. లోసెవ్ సూదిక్రింద కనబడినది అంతకంటె అధికముగ వెలుగలేకపోవుటకు అదియే హేతువు. 1993లో జపానులో నకమురా గాలియం నైట్రైడుతో మిరుమిట్లుగొలుపు నీలిని సాధించెను. నీలిపై పసుపు పూత పూయుటచే తెలుపును లభించెను. అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆటయంత్రముల బొత్తాములకు అన్ని రంగులును దక్కినవి అప్పటినుండియే. తీగదీపపు వెలుగులో అన్ని రంగులును కలిసియుండుటచే, ఎఱ్ఱని మూత తనకు కావలసిన ఎఱుపును వడగట్టుకొని తక్కినదానిని పాఱవేయును. ఎల్.ఇ.డి. పుట్టుటయే ఒక్క రంగుతో పుట్టును. అందుచేత ఎఱ్ఱమూతకు ఎఱ్ఱదీపమునే, నీలిమూతకు నీలిదీపమునే ఎన్నుకొనుట మేలు. నీలిదీపమును ఎఱ్ఱమూత క్రింద పెట్టిన బొత్తాము చీకటిపడును.

మార్పిడి చేయు పనివాని కంటికి ఇంకొక వింతయు తగులును. పాత బల్బును ఎటు గ్రుచ్చినను వెలుగును. కొత్తది ఒక్కొకమాఱు వెలుగదు. చెడిపోయినదని పాఱవేయనక్కఱలేదు, ఊడదీసి, కుడియెడమలు మార్చి, మఱల గ్రుచ్చిన చాలును. విద్యుత్తు ఏ దిక్కునుండి వచ్చినదను భేదమును స్ఫటికపు వెలుగు పాటించును. నీజ్నీ నోవ్‌గొరొద్‌లో లోసెవ్ బ్యాటరీ తీగలను అటునిటు మార్చి చూచి, దిక్కును బట్టి వెలుగు రెండు తెఱగులని వేఱువేఱుగ వ్రాసికొనియుండెను.